తొలిగ్లాసు

బార్లో బీరు కుళాయిలోంచి వస్తుందని తాగేవాళ్ళందరికీ తెలుసు. ఆ కుళాయి వెనకాల ఒక గొట్టం ఉంటుందనీ, దాన్ని వారానికోసారి కడక్కపోతే లోపల జిగటగా పాచి పట్టి, తాగినోడి కడుపు దెబ్బతింటుందనీ ఎందరికి తెలుసు? ఆ సంగతి చూసుకోడానికి ఒకాయన ఉన్నాడు. గొట్టాల బాబాయ్.

ఆయనకీ అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటి ఉంది. ఉండి ఏం లాభం, పిలిచేవాళ్ళు లేరు. వాళ్ళావిడ "ఇదిగో, నిన్నే" అంటుంది. బార్లలో అందరూ గొట్టాల బాబాయ్ అంటారు. ఆవిడకి ఒళ్ళు మండినప్పుడు మాత్రం, "సిటీలో గొట్టాలన్నీ కడిగొస్తావు, ఇంట్లో సింకు పొంగిపోతుంటే నీ కంటికి ఆనదు. నువ్వూ నీ గొట్టం ఉద్యోగమూనూ!" అని దులిపేస్తుంది. బాబాయ్ నవ్వి చెప్పులేసుకుంటాడు.

సిటీలో ఆయన తిరగని పేట లేదు, చూడని బారు లేదు. కాకపోతే ఆయన చూసేటప్పటికి కుర్చీలన్నీ బల్లల మీద తలకిందులుగా ఉంటాయి. పాటలుండవు, రంగు దీపాలుండవు. రాత్రి తాగినవాళ్ళ వాసన, ఫినాయిల్ వాసన, వంటింట్లో ఉల్లిపాయలు తరిగే చప్పుడు, అంతే. పెళ్ళికూతురు మొహం కడుక్కోకముందు ఎలా ఉంటుందో చూసినోడు ఆయన. స్కూటరు ముందు బకెట్టు, వెనక పంపు, భుజానికి చుట్టలు చుట్టిన గొట్టాలు. రేవు దగ్గర ఓడలవాళ్ళు తాగే బారు, పాత మార్కెట్లో కూలీలు తాగే బారు, కాలేజీల వీధిలో పిల్లలు గోల చేసే బారు, అద్దాల మేడ పైఅంతస్తులో కోట్లవాళ్ళ బారు, పూలకుండీల మధ్య బల్లలేసి చేపా మాంసం వడ్డించే పెద్ద హోటలు. ఇవి ఆయన గురువారం చుట్టు.

పని ఎలాగో చెప్తా వినండి, లేకపోతే ఆరోజు జరిగింది మీకు అర్థం కాదు. బీరు పీపా నుంచి గొట్టం ఊడదీస్తాడు. ఆ గొట్టం నిండా కాస్టిక్ కలిపిన నీళ్ళు ఎక్కిస్తాడు. కాస్టిక్ అంటే మాటలు కాదు, బట్టమీద పడితే బట్ట పోతుంది, తోలుమీద పడితే తోలు పోతుంది. అది గొట్టంలో కాసేపు నానాలి. నానుతున్నంతసేపూ ఎవరూ కుళాయి తిప్పకుండా దానికి ఎర్రగుడ్డ కడతాడు, ఒక్కో బారుకి ఒక్కో గుడ్డ. తర్వాత మంచినీళ్ళు ఎక్కించి, కాస్టిక్ అంతా పోయేదాకా కడిగి, చివర్న కుళాయిలోంచి ఒక పుక్కెడు నీళ్ళు తనే నోట్లో పోసుకుని రుచి చూస్తాడు. పని నేర్పిన మేస్త్రి పెట్టిన నియమం అది. "నీ నోట్లో పోసుకోలేనిది ఇంకోడి నోట్లో పోయొద్దు" అనేవాడట. పుక్కిలించి ఊసి, ఎర్రగుడ్డ విప్పి, దాంతోనే మూతీ చేతులూ తుడుచుకుని, ఆ తడిగుడ్డని బకెట్లో పడేస్తాడు. పీపాకి గొట్టం తిరిగి బిగిస్తాడు. అయిపోయింది.

అప్పటికి గొట్టం నిండా ఉండేది నీళ్ళేగా. సాయంత్రం బారు తెరిచినోడు కుళాయి తిప్పి ఆ నీళ్ళు పారబోస్తాడు. నీళ్ళు పోయి బీరు మొదలయ్యే చోట ఒక గ్లాసు వస్తుంది, పల్చగా, సగం నీళ్ళు సగం బీరు. దాన్ని అమ్మకూడదు. పారబొయ్యడానికి మనసు రాదు. అందుకని అది కుళాయి తిప్పినోడి సొంతం. ఏ పేటలోనైనా, ఏ బార్లోనైనా అదే వాడుక. యజమానులు కూడా చూసీ చూడనట్టు ఊరుకుంటారు. దాన్నే తొలిగ్లాసు అంటారు. రాత్రంతా నిలబడబోయే కాళ్ళకి అదొక దండం.

ఇంకో ముక్క. మామూలుగా ఆ కాస్టిక్ ఊదారంగులో ఉంటుంది. గొట్టంలో మిగిలిపోతే గుడ్డోడికి కూడా తెలిసిపోతుంది. ఆ వారం బాబాయ్ పనిచేసే కంపెనీ స్టోర్లో రంగుది అయిపోయి, రంగులేనిది ఇచ్చారు. చూడ్డానికి అచ్చం నీళ్ళే.

ఆ గురువారమే బాబాయ్ కూతురికి నొప్పులు మొదలయ్యాయి.

తొలి కాన్పు. వాళ్ళావిడ ఆస్పత్రి వరండాలో, బాబాయ్ రోడ్ల మీద. రేవు దగ్గర ఉండగా ఫోను. "ఉమ్మనీరు పోయిందట. నువ్వొచ్చి చేసేదేం లేదు, పని చూసుకో." కాలేజీల వీధిలో ఉండగా ఇంకో ఫోను. "ఇంకా టైముందంటున్నారు. తొందరపడకు." అక్కడ కౌంటరు అమ్మాయి, "తాత అయితే మాకు పార్టీ ఇవ్వాలి బాబాయ్, టీతో సరిపెడితే ఒప్పుకోం" అని ఏడిపించింది. పాత మార్కెట్లో ఉండగా మూడో ఫోను.

"బిడ్డ అడ్డం తిరిగిందట. ఆపరేషను అంటున్నారు. ఏమయ్యా, వింటున్నావా?" అని వాళ్ళావిడ ఏడుపు.

పాత మార్కెట్ బార్లో కౌంటరు చూసేది మీసాలాయన. ఆయన మీసాలకి ఆ పేటలో ఎంత పరువుందో ఆయనకీ అంతే ఉంది. ఇద్దరూ ఏళ్ళ తరబడి స్నేహితులు. బాబాయ్ ఆయన్ని అన్నా అంటాడు, ఆయన తమ్ముడూ అంటాడు. బాబాయ్ మొహం చూడగానే మీసాలాయన లేచొచ్చి, ఒక కుర్చీ దింపి కూర్చోబెట్టి, గ్లాసుడు నీళ్ళు చేతిలో పెట్టాడు.

"తాగు. మా చెల్లెలిక్కూడా ఇలాగే అన్నారు. ఇప్పుడు ఆ మేనల్లుడు నన్ను మించి పొడుగు, నన్ను మించి పోకిరీ. ఏం కాదు. ఇంకెన్ని మిగిలాయి నీకు?"

"రెండు, అన్నా."

"అయితే లే. గబగబా ముగించి ఆస్పత్రికి పో. ఇక్కడ కూర్చుని నా మొహం చూస్తే బిడ్డ తిన్నగా తిరుగుతుందా?"

బాబాయ్ లేచాడు. సర్దుకున్నాడు. ఆ తర్వాత అద్దాల మేడ, ఆ తర్వాత పూలకుండీల హోటలు ఎలా చేశాడో ఆయనకే తెలీదు. చేతులకి అలవాటైన పని, చేతులు చేసుకుపోయాయి.

ఆస్పత్రికి చేరేటప్పటికి మధ్యాహ్నం ఎండ వాలుతోంది. తల్లీ క్షేమం, పిల్లా క్షేమం. ఆడపిల్ల. నర్సు గుడ్డలో చుట్టి తెచ్చి చూపిస్తే బాబాయ్‌కి కళ్ళు నిండిపోయాయి.

"చాల్లే సంబడం, మొహం తుడుచుకో, పిల్ల జడుసుకుంటుంది" అంది వాళ్ళావిడ, తన కళ్ళు తను తుడుచుకుంటూ.

బాబాయ్ ప్యాంటు జేబులో చెయ్యి పెట్టాడు. గుడ్డ తగిలింది. తీసి కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఆగిపోయాడు.

ఎర్రగుడ్డ. పొడిగా ఉంది.

ఎర్రగుడ్డ జేబులో ఉండకూడదు. ఉంటే బకెట్లో ఉండాలి, తడిగా ఉండాలి. పొడిగుడ్డ జేబులో ఉందంటే, ఎక్కడో ఒక కుళాయి నుంచి గుడ్డ విప్పాడు గానీ నీళ్ళు ఎక్కించలేదు. నోట్లో పోసి చూడలేదు. కాస్టిక్ గొట్టంలోనే ఉంది. పైన బీరు పీపా బిగించేసి వచ్చేశాడు.

"ఏమయింది?" అంది ఆవిడ.

"ఏం లేదు. కింద బకెట్టు... స్కూటరు మీద వదిలేశా. చూసొస్తా."

కిందకి పరుగెత్తి బకెట్లో చూశాడు. తడిగుడ్డలు నాలుగు. వెళ్ళిన బార్లు అయిదు. ఇంక అనుమానం లేదు. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకి అయిదు చోట్లా తలుపులు తెరుస్తారు. ఎవరో ఒకరు కుళాయి తిప్పి, నీళ్ళలాంటివి పారబోసి, తొలిగ్లాసు ఎత్తుతారు. వాళ్ళ గొంతు కాలిపోతుంది. అయిదుగురిలో ఎవరో?

ఫోను చేతిలోనే ఉంది. అయిదు నంబర్లూ అందులోనే ఉన్నాయి. అయిదు చోట్లకీ ఫోను చేసి, "కుళాయి ముట్టుకోకండి, నావల్ల పొరపాటు జరిగింది" అంటే అయిపోతుంది. మీరు నేను అయితే అదే చేస్తాం అనుకుంటాం. కానీ ఆయన కడుపులో ఇంకోటి ఉంది. పోయిన ఏడాది ఇలాగే కంపెనీలో ఒక కుర్రాడు కాస్టిక్ వదిలేసి వచ్చాడు. ఎవరికీ ఏం కాలేదు, అయినా కంపెనీ వాణ్ణి ఆ పూటే తీసేసి, ఫొటో అన్ని బార్లకీ పంపింది, వీణ్ణి లోపలికి రానివ్వకండి అని. ఆ రోజు అందరికంటే ఎక్కువ నోరు చేసుకుంది మన బాబాయే. "ఒకడి గొంతు అంటే లెక్కలేనోడు ఈ పనికి పనికిరాడు" అని కౌంటరు కౌంటరుకీ చెప్పుకుంటూ తిరిగాడు. ఇప్పుడు ఆ కౌంటర్లన్నిటికీ తనే ఫోను చెయ్యాలి.

"ఏ చోటో తెలిస్తే చాలు. చప్పుడు చెయ్యకుండా వెళ్ళి కడిగొచ్చేస్తా" అనుకున్నాడు. కళ్ళు మూసుకుని, నాలుకని అడిగాడు.

నాలుకని అడగడమేంటి అనకండి. ఒక్కో పేటలో నీళ్ళు ఒక్కో రుచి. ఇన్నేళ్ళుగా పుక్కిలించి ఊసిన నోరది, సిటీ అంతా ఆ నోట్లో ఉంది. రేవు దగ్గర నీళ్ళు ఉప్పగా, పెదాల మీద తెల్లగా ఆరిపోతాయి. పొద్దున ఊసినప్పుడు గాలికి ఎదురొచ్చి చొక్కా మీద పడింది, ఓడ కళాసీ ఒకడు పగలబడి నవ్వాడు. గుర్తుంది. అది కాదు. కాలేజీల వీధిలో బ్లీచింగ్ కంపు. తుమ్మొచ్చింది, కౌంటరు అమ్మాయి "ఒంటితుమ్ము, ఇంకోటి తుమ్ము బాబాయ్" అంది. గుర్తుంది. అదీ కాదు. పాత మార్కెట్లో పాత పైపులు, నీళ్ళు తుప్పు తుప్పుగా, ఇనప మేకు చప్పరించినట్టు ఉంటాయి. ఇప్పటికీ నాలుక చివర ఆ తుప్పు తగులుతోంది. గుర్తుంది. కాదు.

మిగిలినవి రెండు. అద్దాల మేడ, పూలకుండీల హోటలు. రెండు చోట్లా మిషన్లో శుద్ధి చేసిన నీళ్ళు. రుచీ పచీ ఉండదు. ఎంత వెతికినా నాలుక మీద ఏమీ లేదు. పుక్కిలించాడో లేదో, దేవుడికే తెలియాలి.

స్కూటరు తీశాడు.

అద్దాల మేడకి వెళ్ళే దారి ఆ వేళప్పుడు పాములా కదులుతుంది. సిగ్నలు దగ్గర ఆగితే బాబాయ్‌కి అందరి గొంతులే కనపడుతున్నాయి. పక్క బండి మీదాయన సీసా ఎత్తి నీళ్ళు తాగుతుంటే గొంతులో గుటక ఎక్కి దిగడం చూసి, తల పక్కకి తిప్పుకున్నాడు. అంతలో ఫోను.

"ఎక్కడున్నావు? బకెట్టు కోసం వెళ్ళినోడివి బావిలో పడ్డావా?"

ఆవిడకి అబద్ధం చెప్పడం ఆయనకి ఎప్పుడూ చేతకాలేదు. చెప్పేశాడు.

"ఫోన్లు చెయ్యి" అంది.

"చేస్తే ఉద్యోగం పోతుంది."

"పోనీ. ఫోన్లు చెయ్యవయ్యా."

"రెండే చోట్లు, మిగతావి నాకు తెలుసు. ఇదిగో వచ్చేశా, పైకెక్కి చూస్తా."

"నీకు తెలుసు! నిన్న గాక మొన్న కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికినోడివి!" అని అరిచింది. బాబాయ్ ఫోను జేబులో పడేశాడు.

అద్దాల మేడలో లిఫ్టు దగ్గర కాపలా ఆయన ఆపేశాడు. "పొద్దున వచ్చావుగా, మళ్ళీ ఏంటి?" పనిముట్టు మర్చిపోయానన్నాడు. పైన కోటు మేనేజరు చేతిగడియారం చూసుకుంటున్నాడు. కుర్చీలు కిందకి దించేశారు, దీపాలు వేస్తున్నారు. కౌంటరు వెనక కుర్రమనిషి గ్లాసులు తుడుస్తున్నాడు. ఇంకా కుళాయి ముట్టుకోలేదు.

"ఒక్కసారి కుళాయి చూసి పోతా సార్. బిగింపు వదులైందేమోనని."

"తొందరగా."

తిప్పాడు. తెల్లగా నీళ్ళు. రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. కాస్టిక్ అయితే సబ్బులా జారుతుంది. జారలేదు. గరుగ్గా, శుభ్రంగా ఉంది. నోట్లో పోసుకున్నాడు. నీళ్ళే. ఒక్క క్షణం ఊపిరొచ్చింది, మరుక్షణం పోయింది. అయితే పూలకుండీల హోటలే. అక్కడ తలుపులు అందరికంటే ముందు తెరుస్తారు.

లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగుతోంది. ప్రతిచోటా ఎవరో ఎక్కుతున్నారు, నవ్వుకుంటున్నారు, సాయంత్రం ఎక్కడికెళ్దాం అనుకుంటున్నారు. ఒకమ్మాయి "పాత మార్కెట్లో మీసాల తాత బారుకెళ్దాం రా, భలే మాట్లాడతాడు" అంది పక్కనమ్మాయితో. బాబాయ్ వినీ వినలేదు.

పూలకుండీల హోటలు చేరేటప్పటికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. ముందు తలుపులోంచి రానివ్వరని వెనకనుంచి వంటింట్లోకి దూరాడు. అప్పటికే రెండు బల్లల మీద మనుషులున్నారు. కౌంటరు దగ్గర సన్నటి ఆడమనిషి, తల్లో పెన్సిలు గుచ్చుకుని ఉంటుంది, ఒక గ్లాసు చేత్తో పట్టుకుని ఉంది. గ్లాసులో పల్చటి పసుపు నురగ.

"అమ్మాయ్, తాగకు!"

వంటింట్లో గరిటెలు ఆగిపోయాయి. ఆమె బిత్తరపోయి చూసింది. గ్లాసు సగం ఖాళీ.

"ఏంటి బాబాయ్, నా తొలిగ్లాసు మీద కూడా కన్నేశావా?"

"ఎలా ఉంది? నోరు మండుతోందా? గొంతు?"

"బీరులా ఉంది. ఎలా ఉండాలి? నీకేమైంది, మొహం అలా పాలిపోయింది?"

గ్లాసు లాక్కుని వాసన చూశాడు, వేళ్ళు ముంచాడు, రుద్దాడు. జారలేదు. ఆమె హాయిగా నిలబడి ఆయన్ని చూసి నవ్వుతోంది.

ఇక్కడా కాదు.

బాబాయ్ వంటింటి గోడకి ఆనుకున్నాడు. రెండూ కాదంటే తెలుసనుకున్న మూడింటిలో ఒకటి. ఉప్పు గుర్తుంది, చొక్కా మీద మరక ఇంకా ఉంది. తుమ్ము గుర్తుంది, ఆ అమ్మాయి మాట గుర్తుంది. తుప్పు గుర్తుంది. కుర్చీలో కూర్చుని...

కూర్చుని.

కుళాయి దగ్గర పుక్కిలించేటప్పుడు ఎవరూ కూర్చోరు. వంగుని పడతారు. తుప్పునీళ్ళు తాగింది కుర్చీలో కూర్చుని. గ్లాసులో. మీసాలాయన కూజాలోంచి పోసి ఇచ్చిన మంచినీళ్ళు అవి. నాలుక తప్పు చెప్పలేదు. తాగాడు, ఆరోజే తాగాడు, పాత మార్కెట్ నీళ్ళే తాగాడు. కాకపోతే కుళాయివి కావు. ఆ గ్లాసు కింద పెట్టి, పని అయిపోయిందనుకుని, గుడ్డ విప్పి జేబులో పెట్టుకుని వచ్చేశాడు.

నంబరు రెండుసార్లు తప్పు నొక్కాడు. మోగింది. మోగుతూనే ఉంది. తీశారు. మీసాలాయన గొంతు కాదు, అక్కడి వంటమనిషిది.

"గొట్టాల బాబాయ్‌ని. అన్నకి చెప్పు, కుళాయి ముట్టుకోవద్దని, తొలిగ్లాసు తాగొద్దని..."

"ఇప్పుడా చెప్పేది?" అంది వంటమనిషి, ఏడుపు గొంతుతో. "తాగాడుగా! ఒక్క గుక్క పోసుకుని కెవ్వుమన్నాడు. నోటినిండా మంటట. సింకు దగ్గర నిలబెట్టి నీళ్ళతో కడిగిస్తున్నా. అసలు ఏం పోశావయ్యా అందులో?"

"మింగాడా?"

"ఏమో! మాట రాట్లేదు ఆయనకి!"

పక్కనే ఉన్న సన్నటి ఆమె ఈసారి నవ్వలేదు, "ఏమైంది బాబాయ్?" అని గట్టిగా అడిగింది.

ఎలా వెళ్ళాడో అడక్కండి. ఎర్రలైటు పడ్డా ఆగలేదని తర్వాత ఆయనే చెప్పాడు. పాత మార్కెట్లో బస్తాల బళ్ళు అడ్డం ఉంటే స్కూటరు రోడ్డుమీదే పడేసి పరుగెత్తాడు. బారు తలుపు ఓరగా ఉంది. లోపల నలుగురైదుగురు కూలీలు లేచి నిలబడి ఉన్నారు, ఎవరి ముందూ గ్లాసు లేదు. పక్క సందులో మందుల షాపాయన అప్పటికే వచ్చి చూసి, మింగలేదని, నోరు కడుగుతూనే ఉండమని చెప్పి వెళ్ళాడు. మీసాలాయన కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. బుగ్గలో ఐసుముక్క. కింది పెదవి వాచి పక్కకి వేలాడుతోంది, మీసాలు నీళ్ళకి తడిసి ముద్దలా ఉన్నాయి. ఆ మీసాలు అలా కిందకి దిగి ఉండగా ఆ పేటలో ఎవరూ చూళ్ళేదు.

"అన్నా."

మీసాలాయన తలెత్తాడు.

"పిల్ల?" అన్నాడు. ఐసుముక్క మీదుగా మాట నత్తిగా వచ్చింది.

"ఆడపిల్ల. బావున్నారు ఇద్దరూ." బాబాయ్ కౌంటరు దాటి దగ్గరకొచ్చాడు. "అన్నా, నువ్విచ్చిన నీళ్ళు తాగి, కుళాయి నీళ్ళు రుచి చూశాననుకున్నా. గొట్టం కడగలేదు. నా పొరపాటే."

"ఊఁ."

"నువ్వు ఏమన్నా అను. కొట్టు."

మీసాలాయన ఐసుముక్క ఇంకో బుగ్గలోకి మార్చుకున్నాడు. మాట్లాడటానికి నొప్పి, అందుకే ఒక్కో ముక్కే వచ్చింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

బాబాయ్ జేబులోంచి ఎర్రగుడ్డ తీసి కౌంటరు మీద పెట్టాడు. చెప్పకుండానే వంటమనిషికి అర్థమైంది. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"పూలకుండీల హోటలు నుంచి ఫోను చేశావు కదూ? వెనక అక్కడి పిల్ల గొంతు వినపడింది, నేనెరిగిన గొంతే. అంటే తెలిసాక అక్కడికి వెళ్ళావు. ఇక్కడికి చెయ్యలేదు."

"ఇక్కడ రుచి చూశాననే..." అని ఆగిపోయాడు. ఆ మాట ఎంత పనికిమాలినదో నోట్లోంచి వచ్చాకగానీ ఆయనకి తెలీలేదు.

"ముందు ఎక్కడికెళ్ళావు?" అన్నాడు మీసాలాయన.

"అద్దాల మేడకి. ఆ తర్వాత పూలకుండీలు."

"రెండు బార్లు తిరిగావు." మీసాలాయన వాచిన పెదవి తుడుచుకున్నాడు. "గొట్టం కడగడం మర్చిపోయావు, సరే తమ్ముడూ. కూతురు అక్కడ అలా ఉంటే నేనైనా మర్చిపోతా. పోనీ. కానీ తెలిసాక రెండు బార్లు తిరిగావు. ఫోను నీ జేబులోనే ఉంది."

కూలీల్లో ఒకడు వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు.

బాబాయ్ వంగి, పీపా నుంచి గొట్టం ఊడదీశాడు. నీళ్ళు ఎక్కించాడు. అందరూ చూస్తుండగా ఒక బకెట్టు కాదు, రెండు కాదు, నీళ్ళు పారుతూనే ఉన్నాయి. వేళ్ళతో రుద్దాడు. నోట్లో పోసుకున్నాడు, ఈసారి ఊయలేదు, మింగేశాడు. మళ్ళీ పోసుకుని మళ్ళీ మింగాడు. వంటమనిషి "చాలు, ఇంక చాల్లే" అనేదాకా. తర్వాత అక్కడే నిలబడి, అందరికీ వినపడేలా కంపెనీకి ఫోను చేశాడు. ఏం చేశాడో, ఎప్పుడు తెలిసిందో, ఎంతసేపు దాచాడో అన్నీ చెప్పాడు. అవతలివాళ్ళు మధ్యలో ఏదో అంటున్నా ఆపకుండా చివరిదాకా చెప్పాడు.

కంపెనీ ఆయన్ని చుట్టు నుంచి తీసేసి గోడౌన్లో ఖాళీ పీపాలు కడగడానికి వేసింది. ఫొటో మాత్రం ఎవరికీ పంపలేదు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. వాళ్ళావిడ మూడు రోజులు తిట్టింది, నాలుగో రోజు కూతురు "అమ్మా, పాప పడుకుంది" అంటే ఆపింది. చలికాలం పోయి ఎండలు ముదిరాక, ఆ చుట్టు చెయ్యడానికి మనుషులు దొరక్క, ఆయన్నే మళ్ళీ స్కూటరెక్కించారు. రేవు దగ్గర వాళ్ళు ఏమీ జరగనట్టే ఉన్నారు. కాలేజీల వీధి అమ్మాయి పార్టీ ఎప్పుడని మళ్ళీ మొదలెట్టింది.

పాత మార్కెట్లో మీసాలాయన కూడా ఏమీ అనలేదు. పెదవి మానిపోయింది, మీసాలు లేచి నిలబడ్డాయి. బాబాయ్ గుమ్మంలో కనపడగానే "రా తమ్ముడూ" అన్నాడు. ఫోన్లో మనవరాలి ఫొటో చూసి, ముక్కు నీదే, పాపం, అన్నాడు. బాబాయ్ కాస్టిక్ ఎక్కించి ఎర్రగుడ్డ కట్టేసరికి, మీసాలాయన ఒక స్టూలు లాక్కొచ్చి కుళాయి పక్కనే వేసుకుని కూర్చున్నాడు. ఇదివరకు ఆ టైములో ఆయన వెనకగదిలో కునుకు తీసేవాడు.

ఇప్పుడు ప్రతి గురువారం అంతే. మీసాలాయన పేటలో కబుర్లన్నీ చెప్తాడు, నవ్విస్తాడు, టీ తెప్పిస్తాడు. వంటమనిషి ఏదన్నా పనికి పిలిస్తే, వస్తున్నా, వస్తున్నా అంటాడు. గొట్టంలో మంచినీళ్ళు పారి, బాబాయ్ నోట్లో పోసుకుని ఊసేదాకా ఆ స్టూలు మీంచి మాత్రం లేవడు.